నొక్కితే పడిన ఓటు

అత్తయ్యకి స్నానం చేయిస్తుంటే బయట గదిలో నా ఫోన్ టింగుమంది. ఆగి మళ్లీ మళ్లీ మోగింది. తుంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆవిడ కుర్చీలో కూర్చోవాలన్నా నా భుజం ఉండాలి, మధ్యలో వదిలి వెళ్లలేను. ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, మంచం మీద పడుకోబెట్టాక, తడి చేత్తోనే ఫోన్ తీశాను.

మావాళ్లందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో మా ఆయన ఓటింగ్ పెట్టారు. ‘అమ్మ విషయంలో ఏం చేద్దాం?’ కింద రెండు జవాబులు. రెండూ ‘సోమవారం నుంచి తను ఉద్యోగం...’ అని మొదలై చుక్కల్లో ఆగిపోయాయి.

సోమవారం. కళ్లజోళ్ల దుకాణంలో ఇన్నేళ్లుగా కస్టమర్ల కళ్లకి కొలతలు తీస్తున్న నాకు ఆ రోజే కొత్త బ్రాంచి అప్పగిస్తున్నారు. ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన ‘చూద్దాంలే’ అన్నారు. చూడటమంటే ఇదన్నమాట.

మిగతా వాక్యం చదువుదామని మొదటిదాన్ని నొక్కాను. వాక్యం తెరుచుకోలేదు. పక్కనున్న గుండ్రటి గుర్తు పచ్చబడి నా ఓటు పడిపోయింది. కంగారులో రెండోదాన్ని నొక్కితే ఓటు అటు జరిగింది. వెనక్కి తీసుకునే దారి కనబడలేదు. ఫోన్ అడ్డంగా తిప్పితే అప్పుడు పూర్తిగా కనిపించాయి. ఒకదాంట్లో ఉద్యోగం పూర్తిగా మానేయాలి. రెండోదాంట్లో ఏడాది మానేయాలి. మానక్కర్లేదు అనడానికి చోటే లేదు.

ఈలోపే ఆడపడుచు పూల బొమ్మలు పెట్టి, వదినే ఒప్పుకున్నాక ఇంక మనం అనేదేముందని రాసింది. వదిన మా ఇంటి అదృష్టం అన్నాడు మరిది. ఆపరేషన్ తర్వాత ఒక్కసారి పళ్లు తెచ్చి, సగం తనే తిని వెళ్లిన మరిది.

ఎవరెవరు ఓటేశారో తెరిచి చూశాను. అందరికంటే ముందు అత్తయ్య ఫొటో ఉంది. పూర్తిగా మానేయాలని ఆవిడ ఓటు. ఆ ఓటింగ్ వచ్చినప్పుడు ఆవిడ నా భుజం పట్టుకుని స్నానాలగదిలో ఉంది. ఆవిడ ఫోన్ హాల్లో, ఆయన పక్కన ఛార్జింగులో ఉంది.

హాల్లోకి వెళ్లి అడిగాను.

“నేనే వేశా. అమ్మకి అవన్నీ వస్తాయా ఏంటి? అమ్మ మనసు నాకు తెలీదా?” అన్నారు ఆయన, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

“మరి నా మనసు?”

“నువ్వు నొక్కావుగా.”

చదవడానికి నొక్కానన్నాను. ఫోన్ వాడటం రాకపోతే అడగాలి కదే అని నవ్వారు. మీరు మానేసే జవాబు ఒకటి పెట్టాల్సింది అంటే ఇంకా గట్టిగా నవ్వారు. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన్ని నేను ఇంత నవ్వించింది ఇదే.

గదిలోకి వచ్చేసరికి అత్తయ్య గోడవైపు తిరిగి ఉంది. మా మాటలు కొన్ని చెవిన పడ్డట్టుంది. ఓటు ఆయన వేసినా ఆవిడ మనసులో ఉన్నదీ అదేననుకుని, ఆవిడ మీద పెంచుకున్న కోపంతోనే మంచం దగ్గరికి వెళ్లాను.

“అందరూ ఓట్లేశారటగా,” అంది మెల్లగా. “నన్నెక్కడికి పంపిస్తున్నారమ్మా?”

మంచం అంచున కూర్చున్నాను. ఎక్కడికీ పంపడం లేదని, ఓటు మీ గురించి కాదు నా ఉద్యోగం గురించని, మీ పేరుతో కూడా మానేయాలనే పడిందని చెప్పాను. ఆవిడ కళ్ల చివర నీళ్లు దిండులోకి జారాయి.

“నన్నెవరూ అడగలేదే,” అంది.

“నన్నూ అడగలేదత్తయ్యా.”

“నువ్వు లేకపోతే నన్నెవరు లేపుతారు? వాడికేం చేతకాదు. నాకు భయమేస్తుంది.”

నాక్కూడా భయంగానే ఉంది. ఆ మాట మాత్రం అనలేదు. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. విడిపించుకోవాలనిపించలేదు. సోమవారం నేను పనికి వెళ్తున్నానని, మిమ్మల్ని లేపేది మీ అబ్బాయని, ఆ చేతిని నిమురుతూనే చెప్పాను.