హైమవతి నాలుక

మామిడి గ్రీన్ టీ మొదటి గుక్కే హైమవతి చెంప ఛెళ్లుమనిపిస్తుంది. లోపలి నుంచి కొడుతుంది కాబట్టి బుగ్గ బయటికి పొంగి, దాని మీద అయిదు వేళ్లూ అచ్చుపడతాయి.

హైమవతి గడియారం చూసి, ‘పదకొండుంబావు. దెబ్బ ఎడమ వైపు. మామిడి వాసన లేదు’ అని కాగితం మీద రాసుకుంటుంది. కాకినాడ రేవు పక్కనున్న ఈ టీ కార్ఖానాలో పద్దెనిమిదేళ్లుగా రుచి చూడటమే ఆమె ఉద్యోగం. చెంచాతో చప్పుడయ్యేలా జుర్రాలి, నాలుక మీద తిప్పాలి, పక్కనున్న ఇత్తడి తొట్టెలోకి ఉమ్మెయ్యాలి. మింగకూడదు. మింగితే తర్వాతి కప్పు రుచి తెలియదని చేరిన రోజే చెప్పారు. పెద్దలు చెప్పిన మాట ఆమె ఏనాడూ జవదాటలేదు. ఆ బుద్ధిమంతురాలితనమే ఆమె కొంప ముంచింది.

బల్లకి అవతల యజమాని సూరపరాజు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

“ఎలా ఉందండీ?”

“కొట్టిందండీ.”

“కొట్టిందంటే ఘాటున్నట్టే కదండీ. ఉమ్మేయండి మరి. నూకాలు కాసుక్కూచుంది.”

నూకాలు తొట్టె మోసే మనిషి. హైమవతి ఎప్పుడు ఉమ్మినా దాని మీద మూత పెట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నంత భద్రంగా లోపలి గదిలోకి తీసుకెళ్తుంది. ఎక్కడికని ఇన్నేళ్లలో హైమవతి అడిగింది లేదు. ఇవాళ చెంప మండుతోంది గనక అడుగుతుంది.

“ప్యాకెట్లలోకండి,” అంటుంది నూకాలు. “లేపోతే రుచెక్కడ్నించొత్తాదండీ? ఆకుదేవుంది, ఒట్టి గడ్డి.”

హైమవతి గోడవార ఉన్న ప్యాకెట్ల వైపు చూస్తుంది. నిమ్మ, జామ, నేరేడు. నిమ్మ టీ వచ్చి ఆరేళ్లయింది. ఆరేళ్లుగా పులిహోరలో నిమ్మకాయ పిండి, మొగుడు మొహం ముడుచుకుంటే పులుపు ఎక్కువైందని తెలుసుకుంటోంది. జామకాయ కొరికితే సుద్దముక్క కొరికినట్టుంటుంది. వయసు మీద పడుతోంది కదా అని సరిపెట్టుకుంది, పిచ్చిది.

ఇప్పుడు మామిడి వంతు.

ఆమె నోట్లో ఉన్న మామిడి ఒక్కటే. అక్క వరహాలు చిన్నరసం తొక్కని పంటితో చీల్చి నోటికి అందించిన పండు. అప్పుడు హైమవతికి తొమ్మిదేళ్లు, వరహాలుకి పద్నాలుగు. ఆ వానాకాలమే జ్వరం వచ్చి వరహాలు పోయింది. ఫొటో లేదు. గొంతు ఎలా ఉండేదో గుర్తు లేదు. మిగిలిందల్లా ఆ పండు రుచి, అందులో కాస్త అక్క చేతి ఉప్పదనం. అది తొట్టెలో పడితే పోయిన మనిషి మళ్లీ పోతుంది.

హైమవతికి ఏడుపు రాదు. ఒళ్లు మండిపోతుంది.

కప్పు ఆమె కోసం ఆగదు. దానంతటదే లేచి మూతి మీద గుద్దుతుంది. రెండు పళ్లు రాలి టీలో పడతాయి. నూకాలు వాటిని చెంచాతో తీసేసి, “ఇంకోపాలి ఒడగట్టాలండి,” అంటుంది. టీ హైమవతి జడని మణికట్టుకి చుట్టుకుని, తలని బల్లకేసి కొడుతుంది. బల్ల పగులుతుంది. సూరపరాజు గడియారం చూస్తూ లెక్కపెడుతున్నాడు.

“మూడు నిమిషాలు నానాలండి,” అంటాడు, టీ గురించి కాదు.

హైమవతి కెటిల్ ఎత్తి అతని నెత్తిన బాదుతుంది. బుర్ర బీటవారి, అందులోంచి ఎండుటాకు రాలుతుంది. ఏ వాసనా లేని ఆకు. అతను కండువాతో తల బిగించుకుని, మర్యాద ఏమాత్రం తగ్గకుండా మాట్లాడతాడు.

“ఒక్కరే దాచుకుంటే ఏం లాభవండీ? ఊరంతా తాగుద్ది మీ అక్కగారిని. అందరికీ తలో గుక్క.”

అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

“మా అక్క అందరికీ కాదండీ,” అంటుంది హైమవతి. ఇంకా ఉమ్మకుండా పుక్కిట పట్టి ఉంచిన మామిడి గుక్కని పద్దెనిమిదేళ్లలో మొట్టమొదటిసారి మింగుతుంది.

వెచ్చగా, తియ్యగా, కాస్త ఉప్పగా గొంతు దిగుతుంది. నూకాలు ఖాళీ తొట్టెలోకి తొంగి చూసి నోరు నొక్కుకుంటుంది.

సూరపరాజు టీ పెట్టెల మేకులు పీకే పట్కారు తెస్తాడు. మోకాలు ఆమె రొమ్ము మీద ఆనించి, దవడ విరిచి తెరిచి, నాలుక పట్టుకుని లాగుతాడు. అది గజం వస్తుంది, రెండు గజాలు వస్తుంది. బట్టల కొట్లో చీర మడత పెట్టినట్టు నూకాలు మడత పెడుతూ ఉంటుంది. నిమ్మ ఉండాల్సిన చోట నాలుక తెల్లగా బోడిగా ఉంది. జామ చోటూ, నేరేడు చోటూ అంతే. ఏడో గజం దగ్గర పసుపు రంగు మొదలై నాలుక బిగుసుకుంటుంది. సూరపరాజు కాలు తన్నిపెట్టి లాగినా రాదు. అటువైపు నుంచి ఎవరో లాగుతున్నారు.

ముందు వేళ్లు కనిపిస్తాయి, ఆ తర్వాత గాజులు. మోచేతి దాకా మామిడి రసం కారుతున్న పద్నాలుగేళ్ల పిల్ల చెయ్యి నాలుకని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని, హైమవతి పెదవుల మధ్య నుంచి బయటికి వచ్చి సూరపరాజు పట్కారుని అందుకుంటుంది.

“ఒదులమ్మా, పని జరగాలి,” అంటాడతను.

చెయ్యి వదలదు. పట్కారు లోపలికి పోతుంది, దాని వెనక అతని వేళ్లు, మోచెయ్యి, భుజం. కండువా కట్టిన తల హైమవతి పళ్ల దగ్గర ఒక్క క్షణం అడ్డం పడుతుంది. సూరపరాజు పద్ధతైన మనిషి. లోపలికి వెళ్లబోతూ చెప్పులు బయటే విడుస్తాడు.

గొంతులోంచి వరహాలు మాట వినిపిస్తుంది. ఇలా ఉండేదన్నమాట ఆ గొంతు, కాస్త బొంగురుగా.

“టెంకుంటాది, సూసుకుని నమలవే.”

హైమవతి నములుతుంది. ఎముకలు పీచులా పంటికి అడ్డుపడతాయి. అక్క చెయ్యి మళ్లీ బయటికి వచ్చి, చెల్లెలి గడ్డం మీద కారిన రసాన్ని బొటనవేలితో తుడిచి, గోడకి అంటుకుపోయి నిలబడ్డ నూకాలుని వేలు వంచి రమ్మని పిలుస్తుంది.