దండెం మీద గలీబు

ఆ ఆదివారం ఇంట్లో నలుగురున్నారు. ముందు గదిలో మంచం మీద, కళ్ళపై తడిగుడ్డ వేసుకుని పిన్ని. ఆ మంచం పక్కనే గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని అమ్మమ్మ. సెలవురోజు కూడా నిద్రపట్టక కుర్చీలో కూలబడ్డ బాబాయి. వంటింట్లో, కాచిన నీళ్ళు చల్లారాయో లేదో వేలు ముంచి చూస్తున్న అమ్మాయి.

ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ గుసగుస అని పిలుస్తారు. ఆమె మాట పక్కన కూర్చున్నవాళ్ళకే సగం వినపడదు. పల్లెలో చిన్నబడి అయిపోయాక పై తరగతుల కోసం పిన్ని ఇంట్లో ఉంటోంది. పెట్టింది తిని, చెప్పింది చేసి, ఎవరికీ అడ్డు రాకుండా గోడవారగా నడిచే పిల్ల.

కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గదిలో గాలి ఉడికిపోతోంది. ఫ్యాను తిరుగుతోందన్న మాటే గానీ, ఉన్న వేడినే ఆ మూల నుంచి ఈ మూలకు తోస్తోంది. ఎవరికీ మాట్లాడే ఓపిక లేదు.

పిన్ని గడియారాలు బాగుచేస్తుంది. కుడికంటికి చిన్న భూతద్దం బిగించుకుని, ఆవగింజకన్నా చిన్న స్క్రూలను పట్టకారుతో ఎత్తి వాటి చోట కూర్చోబెట్టడం ఆమె పని. ఏటా వీధిలో చెట్లు పూతకొచ్చే రోజుల్లో ఆమె కళ్ళు దురద పెడతాయి, ఎర్రబడతాయి, ధారగా కారతాయి. ఆ కళ్ళు చూసిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, మొగుడే ఏడిపించాడనుకుని, బాబాయి వంక కొరకొరా చూస్తారు. బస్సులో వందమంది తిట్టినా నవ్వుతూ టికెట్లు కొట్టే కండక్టరు బాబాయి, తన వీధిలో మాత్రం తలొంచుకుని నడవాల్సి వస్తోందని వాపోతాడు.

ఈ ఏడు మరీ ఎక్కువైంది. కన్నీళ్ళకు భూతద్దం మసకబారి, ఒక పాత గడియారంలోని స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడింది. కొట్టంతా ఊడ్చినా దొరకలేదు. కొట్టు యజమాని కేకలేమీ వేయలేదు. కళ్ళు బాగుచేసుకుని సోమవారం రమ్మన్నాడు. అప్పటికీ ఇలాగే ఉంటే ఆ బల్ల దగ్గర వేరే మనిషిని కూర్చోబెడతానని, పిన్ని కొట్టు ముందు నిలబడి గడియారాల బెల్టులు అమ్ముకోవచ్చని చెప్పాడు. పిన్నికి ఆ బల్ల అంటే ప్రాణం. ఇంట్లో మాట చెల్లకపోయినా, ఆ బల్ల దగ్గర ఆమె మాటే వేదం.

కంటి డాక్టరమ్మ దగ్గరికి పిన్నికి తోడుగా వెళ్ళింది గుసగుసే. ఇది పుప్పొడి పడకపోవడమేనని, చుక్కలమందు వాడుతూ జాగ్రత్తగా ఉంటే సర్దుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఎంత దురదపెట్టినా రుద్దకూడదు, రుద్దేకొద్దీ పెరుగుతుంది. చన్నీళ్ళలో తడిపిన శుభ్రమైన గుడ్డ మూసిన కళ్ళమీద వేసుకోవాలి. గాలి వీచేటప్పుడు కిటికీలు మూయాలి, బయటికెళ్తే చలవ కళ్ళద్దాలు పెట్టుకోవాలి, పడుకునే ముందు తల కడుక్కోవాలి, దిండుగలీబు రోజూ మార్చాలి. నొప్పి వచ్చినా, చూపు మసకబారి తుడిచినా పోకపోయినా, వెలుతురు చూడలేకపోయినా మళ్ళీ పరుగెత్తుకు రావాలి. గుసగుస అదంతా పద్యంలా ఒప్పజెప్పగలదు. ఎవరూ అడగలేదు గనక ఎవరికీ ఒప్పజెప్పలేదు. అన్నీ తనే చేసుకుపోతోంది. బడి నుంచి వచ్చాక ఒళ్ళు హూనమైనా, గలీబు ఉతికి ఆరేయనిదే పడుకోదు.

అయినా పిన్ని కళ్ళు చింతనిప్పుల్లాగే ఉన్నాయి. రేపే సోమవారం.

"ఇంక నా మాట వినండి," అంది అమ్మమ్మ, ఒడిలోంచి తేనెసీసా తీస్తూ. "కంటికో చుక్క వేస్తే దెబ్బకు దిగొస్తుంది."

ఈ మాట ఆమె వారం నుంచీ అంటూనే ఉంది. పిన్ని రోజూ వద్దంటూనే ఉంది. ఈసారి మాత్రం గుడ్డ తీయకుండానే, "వెయ్యమ్మా. ఏదో ఒకటి వెయ్యి. నాకు ఓపిక లేదు," అంది.

గుసగుస నీళ్ళగిన్నెతో గుమ్మంలోనే ఆగిపోయింది. అమ్మమ్మ మూత తిప్పుతోంది.

"వద్దమ్మమ్మా."

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. అమ్మమ్మ చెయ్యి ఆగింది.

"ఓహో, నీకు గొంతుంది కూడానా?"

"కంట్లో మందుచుక్కలు తప్ప ఏమీ వేయకూడదంది డాక్టరమ్మ. తేనె తినడానికే."

"ఆ డాక్టరమ్మ చెప్పినవన్నీ చేస్తున్నాం కదే! కిటికీలు మూసుకుని ఇడ్లీల్లా ఉడుకుతున్నాం. తగ్గిందా మరి? చెప్పు."

గుసగుస గిన్నె పిన్ని పక్కన పెట్టి, తలొంచుకుని గలీబు తేవడానికి వాకిట్లోకి వెళ్ళింది. దండెం ఒక కొస కిటికీ ఊచకు, రెండో కొస వీధిచెట్టు మానుకు కట్టి ఉంటుంది. ఆ ఇంట్లో బట్టలు ఎప్పుడూ అక్కడే ఆరతాయి. ఆమె గలీబు తీసి, మడతపెట్టి లోపలికి తెచ్చి, మంచం చివరనున్న బాబాయి తోలుసంచి మీద పెట్టి దిండు తీయబోయింది.

బాబాయికి సంచి అవసరమైందో, ఊరికే చేతులు ఊరుకోలేదో, గలీబు ఎత్తి పక్కన పెట్టాడు. నల్లటి తోలుమీద పసుపు చల్లినట్టు మడతంత మచ్చ.

"ఇదెక్కడిది?" అంటూ వేలితో గీశాడు. వేలు పసుపుపచ్చగా మారింది.

గుసగుసకు పూతతో నిండిన వీధిచెట్టు గుర్తొచ్చింది. రోజూ ఉతికింది. రోజూ, బాగా ఆరాలని, చెట్టువైపు కొసనే ఆరేసింది. చెబితే, వారం నుంచీ పిన్ని పడిన బాధంతా తన చేతి చలవేనని తేలుతుంది. ఈ ఇంట్లో తనకున్న చోటు ఎంత చిన్నదో ఆమెకు తెలుసు. చెప్పకపోతే, అమ్మమ్మ చేతిలో సీసా మూత తీసే ఉంది.

"దండెం చెట్టుకే కట్టి ఉంది బాబాయ్," అంది. "గలీబు దాని కిందే ఆరేస్తున్నా. రోజూ."

బాబాయి నవ్వాడు. అలసిపోయిన నవ్వు.

"బాగుంది. కిటికీలు మూసేసి, పుప్పొడిని మడతపెట్టి మరీ తలకింద పెడుతున్నామన్నమాట."

"కంచే చేను మేసింది," అంది అమ్మమ్మ. వేయడానికి కళ్ళు దొరకని తేనెను వృథా చేయడమెందుకని, ఒక చెంచాడు తన నోట్లో వేసుకుంది.

పిన్ని గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టి ఉంటే గుసగుసకు కాస్త తేలికయ్యేది.

పక్కగుడ్డలన్నీ తీసి మళ్ళీ ఉతికారు. బాబాయి వంటింట్లో తాడు కట్టాడు. ఫ్యాను అటు తిప్పారు. మంచం, గచ్చు తడిగుడ్డతో తుడిచారు. పిన్ని తలస్నానం చేసి, ఇంట్లోనే ఆరిన గలీబు మీద తల పెట్టి, ఎన్నాళ్ళకో గాఢంగా నిద్రపోయింది. గుసగుస మాత్రం కూర్చోలేదు. నడుము పట్టేసినా ఏదో ఒకటి తుడుస్తూనే ఉంది.

సాయంత్రం పిన్ని లేచి, చెడిపోయిన అలారం గడియారం ముందేసుకుని కూర్చుంది. భూతద్దం కంటికి బిగించింది. అమ్మమ్మ పైకప్పు చూస్తున్నట్టు నటించింది. బాబాయి ఎప్పుడో చదివేసిన పేపరు తిరగేశాడు. పట్టకారు లేచింది, ఆగింది, దిగింది. స్క్రూ తన చోట కూర్చుంది. పిన్ని భూతద్దం తీసి వెలుతురుకు పట్టి చూసింది. పొడిగా ఉంది. కళ్ళ అంచుల్లో ఇంకా ఎరుపుంది గానీ కారడం ఆగింది.

"రేపు వెళ్తాను," అంది. అంతే.

దండెం చెట్టుకే ఉంటే అలవాటుకొద్దీ ఎవరో ఒకరు మళ్ళీ అక్కడే ఆరేస్తారని బాబాయి అన్నాడు. అతను లేచేలోపే గుసగుస స్టూలు పట్టుకుని వెళ్ళింది. ఎన్నేళ్ళ ముడో, బెరడులోకి దిగిపోయి ఉంది. గోళ్ళు నొప్పిపుట్టేదాకా లాగింది. పైన కొమ్మ ఊగింది. గాలి విసిరింది. ముడి వదిలింది.

తాడు చుట్టచుట్టి భుజాన వేసుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పిన్ని ఎదురుగా నిలబడి ఉంది. పొద్దుట్నుంచి ఆమె తనను సూటిగా చూడడం అదే మొదలు. గుసగుస కళ్ళు దించుకుంది. తన చేతులు, గౌను, కాలివేళ్ళ దాకా పుప్పొడితో పసుపుపచ్చగా ఉన్నాయని అప్పుడు చూసుకుంది.

"అక్కడే ఆగు," అంది పిన్ని. "ఆ చెట్టు మొత్తాన్ని నెత్తినేసుకొచ్చావు. దొడ్డిదారిన వెళ్ళు. స్నానాలగదిలో వేణ్ణీళ్ళు తోడిపెట్టాను, తల రుద్దుకుని మరీ రా."

గుసగుస తలూపింది.

పిన్ని కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని, తలుపు మూసేసింది.