ముసలి కణాల మాటలు

అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఉంటూ ఎమ్మెస్ చదివే ప్రణీత మహా పొదుపరి. అన్నం వార్చిన గంజి కూడా పారబోయదు. ల్యాబ్‌లోనూ అంతే. పెరగడం ఆగిపోయిన ముసలి కణాలున్న ద్రవాన్ని పారబోయకుండా వడకట్టి, క్యాన్సర్‌గా మారే అంచున నిద్రపోతున్న కణాలకి పోసింది.

వారాంతం గడిచి వచ్చేసరికి ఆ కణాలు డిష్ నిండా పాకి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

"సార్, ఫిల్టర్ చేసే పోశాను. ముసలి సెల్ ఒక్కటి కూడా అందులో లేదు!"

ప్రొఫెసర్ రాధాకృష్ణ మైక్రోస్కోప్‌లోంచి తలెత్తలేదు. "అవి రానక్కర్లేదమ్మా. వాటి మాటలు, అంటే అవి వదిలిన రసాయనాలు, ఆ నీళ్ళలోనే ఉన్నాయి. అవి చావవు, పెరగవు. కూర్చున్న చోటినుంచే పక్కవాటిని రెచ్చగొడతాయి."

"ఇంతకీ ఆ ముసలి సెల్స్ ఎవరివి సార్?"

"నా మోచేతి చర్మంలోవి," అన్నాడాయన, చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ. "తీసింది కొన్నే. మిగతావి ఇక్కడే మాట్లాడుతున్నాయి."