డిస్కుకి రెండు తాళంచెవులు

డిస్కు తెరుచుకోవడానికి ఒకటిన్నర నిమిషం పడుతోంది. పాస్‌వర్డ్ కొట్టి, వంటింట్లో రెండు గిన్నెలు కడిగి వచ్చినా అది ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఇల్లాలికి ఓపిక లేక కాదు. అంతసేపు లోపల ఏం చేస్తోందన్నదే అనుమానం.

అనుమానించాల్సిన సరుకే అది. డాక్టర్లు మాటల్లో చెప్పి పంపే రోగుల వివరాలను ఆవిడ ఇంట్లో కూర్చుని టైపు చేస్తుంది. వీధిలో సగంమంది మోకాళ్లూ, మొలలూ, మతిమరుపులూ ఆ డిస్కులోనే ఉన్నాయి. "దీన్ని నేను తప్ప మరెవరూ తెరవలేరు" అని నెలనెలా ఆసుపత్రికి సంతకం పెట్టి పంపాలి. అబద్ధమని తేలితే పని ఊడుతుంది. ఈ నెల కాగితం సాయంత్రంలోగా వెళ్లాలి.

కంప్యూటర్లు బాగుచేసే మరిది వచ్చి చూశాడు. తెర మీద నాలుగు లైన్లు చదివి గొంతు సవరించుకున్నాడు.

"వదినా, దీనికి తాళంచెవులు, అదే పాస్‌వర్డ్‌లు, రెండున్నాయి."

"నా దగ్గరున్నది ఒక్కటే."

"నీది రెండోది. నువ్వు కొట్టిందాన్ని ముందు మొదటి తాళానికి పెట్టి చూస్తుంది. పట్టదు. అప్పుడు రెండోదానికొస్తుంది. దొంగలు విసిగిపోవాలని ఆ చూడటాన్నే నిదానంగా పెడతారు. ఆ నిదానం ఎంతుండాలో ఏదో జోరైన మెషీన్ మీద కొలిచినట్టున్నారు. నీ ముసలి లాప్‌టాప్‌కి గొడ్డుచాకిరీ అయింది."

"మొదటిది ఎవరిది?"

"అది డిస్కు చెప్పదు."

మరిది చూపు చెప్పింది. అది తిన్నగా పేపరు వెనకున్న అన్నయ్య మీదికి పోయింది.

డిస్కు కొన్నది ఆయనే. ఆఫీసులో సిద్ధం చేసి తెచ్చిందీ ఆయనే. "నీ పాస్‌వర్డ్ నేను చూడకూడదు" అని గోడవైపు తిరిగి నిలబడ్డ పెద్దమనిషీ ఆయనే. జేబులో ఇంకో తాళంచెవి ఉన్నవాడికి ఇటు చూడాల్సిన పనేముంది!

"ఏమండీ, మొన్న మెట్ల మీద పైవాటా ఆయన్ని మోకాలెలా ఉందని అడిగారు. మీకెవరు చెప్పారు?"

"కుంటుతున్నాడే! కుంటేవాణ్ణి పంటినొప్పి గురించి అడగనా?"

"డిస్కు ఎప్పుడైనా తెరిచారా?"

"ఒట్టు! నువ్వు మర్చిపోతే ఎలాగా అని ఉంచానంతే."

ఒట్టెయ్యమని అడక్కుండానే వేశాడు. ఆవిడ అదీ లెక్కలో వేసుకుంది.

"ఇన్నేళ్లలో మీరన్న మాట ఒక్కటైనా మర్చిపోయానా?"

మరిది నవ్వును దగ్గులోకి మార్చుకున్నాడు.

"మీ అన్నయ్య తెరిచారో లేదో తెలుస్తుందా?" అని అతన్ని అడిగింది.

"డిస్కు అవన్నీ రాసుకోదు వదినా. అన్నయ్యది తీసెయ్యడానికి నీ పాస్‌వర్డ్ చాలు. తీశాక నువ్వు మర్చిపోతే మాత్రం బ్రహ్మ కూడా తెరవలేడు."

"తీసెయ్."

మరిది తీశాడు. నిదానాన్ని కూడా ఆ లాప్‌టాప్ శక్తికి తగ్గట్టు మళ్లీ కొలిచాడు. ఈసారి ఆవిడ వేళ్లు వెనక్కి తీసేలోగా తెరుచుకుంది.

ఆవిడ కాగితం ముందుకు లాక్కుంది. సంతకం పెట్టి, కింద ఇంకేదో రాయసాగింది. ఇంటాయన పేపరు దించి తొంగిచూశాడు.

"'ఇవాళ్టిదాకా ఇద్దరు తెరవగలిగేవారు' అని రాస్తావేంటి? ఎవరడిగారు? పని పోతుంది!"

"పోతే పోనివ్వండి," అంటూ కవరు అంటించింది. "ఎవరివల్లో కూడా రాశాను."