గోడకవతల గుమ్మం

పాత వల మీద పరిచిన నెత్తళ్ళను తలుపులమ్మ చేత్తో తిరగేస్తోంది. ఎండకు చేపలూ, ఉప్పుకు ఆమె మడమలూ ఒకేలా పెళుసెక్కాయి.

పేరులో ఇన్ని తలుపులున్న మనిషి ఇంటికి ఒక్క తలుపూ లేదు. నల్లటి ద్వారబంధం మాత్రం ఉంది. పడవకు కోయగా మిగిలిన కర్రతో, పెళ్ళయిన కొత్తలో మొగుడు వెంకన్న చేయించాడు. తర్వాత వేటకెళ్ళి తిరిగిరాలేదు.

ఆ పేటలో సముద్రం ఇంటి మీదికొస్తే ముందు ద్వారబంధాన్ని పెకలించి వెనక్కి మోసుకుపోతారు. దాని చుట్టూ కొత్త ఇల్లు లేస్తుంది. అయితే ఇంటి పెద్దామె గడప మీద చెయ్యిపెట్టి "పదమ్మా" అనాలి. అనకపోతే ఎవరూ ముట్టరు. తలుపులమ్మ ఆ మాట మూడుసార్లు అంది. ఆ మూడిళ్ళూ ఇప్పుడు నీళ్ళకింద ఉన్నాయి. ఆటు వేళ మొదటింటి నూతి ఒర పైకి తేలుతుంది. అందులోంచి వెంకన్న దగ్గు వినిపిస్తుందట.

"అన్ని నీళ్ళు తాగినా మీ అన్నకి దగ్గు తగ్గలేదు చూడు" అని ఆడపడుచు అప్పాయమ్మతో నవ్వుతుంది. అప్పాయమ్మ నవ్వదు. ఆమెకూ వినిపిస్తుంది.

నిన్న సర్వే జనులు వచ్చారు. 'సుఖినోభవంతు' అన్నవాళ్ళు మాత్రం లేరు. సముద్రాన్ని ఆపే గోడకు గుర్తుగా ఇంటి వెనక రాయి పాతిపోయారు. గోడొస్తే ఇల్లు నిలుస్తుందని తలుపులమ్మ పొద్దున్నే దానికి పసుపు రాసి, అరటిపండు పెట్టింది.

సర్వే కుర్రాడు గణేష్‌బాబు వచ్చి తెల్లబోయాడు. "ఏంటండి మామ్మగారూ, రాయికి పూజ చేశారు?"

"మమ్మల్ని కాసే రాయి గదా బాబూ. ఇంటి ముందు పాతాలిగానీ, వెనకాల పాతారేంటి?"

అతను చెప్పులో ఇసుక దులుపుకొన్నాడు. "గోడ అక్కణ్ణుంచేనండి. పేట సముద్రం వైపు ఉండిపోద్దండి. మీకు లోపల కాలనీలో స్థలాలిస్తారండి."

"మరి ఆ గెస్ట్‌హౌస్ కాడ గోడ గీత సముద్రంలోకంటా వంగిందే! వాళ్ళ కొబ్బరిచెట్ల కోసం వంగిన గీతకి, నా కాడికొచ్చేసరికి నడుం పట్టేసిందా?"

"ప్లాను పైనుంచి వచ్చిందండి."

"పైనుంచి వానే వస్తాదనుకున్నాను."

అతను వెళ్ళాక అప్పాయమ్మ మెల్లగా అంది. "సాయంత్రం కుర్రోళ్ళు వస్తారంట వదినా. గడపకి చెప్పు."

"ఎప్పుడు జరిగినా సముద్రానికి కనపడేంత దూరమే జరిగాం. ఆ కాలనీకి పోతే, మీ అన్న వచ్చి ఈ గుమ్మం ఎక్కడని ఎతుక్కుంటాడే?"

శుక్రవారం కాబట్టి తలుపులమ్మ గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, ద్వారబంధానికి చేరగిలబడింది. కుర్రాళ్ళు గునపాలతో వచ్చేసరికి అలాగే ఉంది, ఒళ్ళు చల్లబడిపోయి. చెయ్యి గడప మీదే ఉంది. మాట మాత్రం ఎవరూ వినలేదు. గునపాలు కింద పెట్టి, ఆమెను ఆ గుమ్మంలోంచే బయటికి తెచ్చారు.

గోడ లేచింది, గోడు మిగిలింది. పేట కాలనీకి పోయింది. ఇంటి మట్టిని ఒక పోటు నాకేసింది. ఆ తర్వాత ఒక శుక్రవారం అప్పాయమ్మ పసుపు పొట్లంతో గోడ రాళ్ళ మీదుగా అవతలికి దిగింది. అల ఒకటి ఇంటికొచ్చిన మనిషిలా గుమ్మంలోంచి లోపలికెళ్ళి, వెనక్కి వచ్చింది. ఇసుకలో నల్లటి ద్వారబంధం ఒక్కటే నిలబడి ఉంది, గడప మీద పసుపు అప్పుడే రాసినట్టు తడితడిగా.