ఎదుటి గోడ పసుపు

బర్ బర్, బర్‌ర్ర్... ఆపైన ఒక ఊపిరి పట్టినంత నిశ్శబ్దం.

కళ్ళు తెరవకముందే మేస్త్రి పోల్చుకున్నాడు, ఎదురింటి గోడను గీకుతున్న చెయ్యి ఎవరిదో. రెండు పొట్టి గీతలు, ఒక పొడుగు గీత, ఒక విరామం. పదహారేళ్ళు ఒకే వేలాడే పలక మీద నిలబడి గోడలకు రంగులు వేసినవాళ్ళు వాళ్ళిద్దరూ.

ఎనిమిది నెలల క్రితం ఆ పలక తాడుకు ఆ చేతులు వేసిన ముడే జారింది. అప్పటినుంచి మేస్త్రికి నడుము కింద స్పర్శ లేదు. లోకమంతా ఒక మంచం, ఒక కిటికీ, చెమ్మ పట్టిన పైకప్పు.

నాలుగో రోజుకు గీకుడు పోయి కుంచె చప్పుడు వచ్చింది.

"సాయంత్రానికి వాడి పని అయిపోతుందట," అంది అక్క, దిండు సర్దుతూ. ఆ ఇంట్లో అతని పేరు ఎప్పుడో పోయింది, 'వాడు' మిగిలాడు. "ఈ గోడ అవగానే ఊరు విడిచి పోతాడట."

"పోనీ. నాకేం?"

"ఏం లేకపోతే ఇంత ఉక్కలో ఆ దుప్పటి ముసుగెందుకు? ఉడికిపోవడానికా?"

"పీడ విరగడైందిలే అక్కా."

"ఆ మాటేదో ప్రభువుతోనే అను," అని అక్క కుట్టుపనికి వెళ్ళిపోయింది.

ఒంటరిగా, అలవాటుగా, ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలుపెట్టాడు. అలవాటుగానే 'మాకు తప్పు చేసినవాళ్ళను మేము క్షమించినట్టు' అనే మాట దగ్గర ఆగాడు. ఎనిమిది నెలలుగా ఆ మాట గొంతులో పచ్చి వెలక్కాయ. మింగలేడు, మింగానని దేవుడితో అబద్ధమాడలేడు.

మధ్యాహ్నం పైకప్పు రంగు మారింది. ఎండ తొంగిచూడని ఆ సందులో, కొత్త పసుపు గోడ ఆకాశాన్ని అడిగి కాస్త వెలుగు తెచ్చి కిటికీలోంచి లోపలికి పోసింది. చెమ్మ మరక అంచులు మెరిశాయి. ఆ మూల, ఇన్నాళ్ళూ కంటపడని సాలెగూడు పోగుపోగునా వెలిగింది. గోరంత సాలీడు తెగిన పోగును మళ్ళీ కట్టుకుంటోంది.

"నీదీ తాళ్ళ పనేనా?" అన్నాడు మేస్త్రి. ఎంతకాలానికో తన నవ్వు తనకే వినపడింది.

అంతలో బయట తాడు కిర్రుమంది. ముడి వేసిన చప్పుడు. లాగి చూసిన చప్పుడు. విప్పి, మళ్ళీ వేసి, మళ్ళీ లాగి... ఒకటి కాదు, రెండు కాదు, ఏడుసార్లు. పాతరోజుల్లో ఒక్క ముడి వేసి ఈల వేసే మనిషి! ఇప్పుడు ఈల లేదు. తాను ఒక్కసారే పడ్డాడు. ఆ మనిషి ఇంకా పడుతూనే ఉన్నాడు.

పొద్దు వాలింది. పలక దిగింది. డబ్బాలు ఒకదానిలో ఒకటి చేరాయి. అడుగులు కిటికీ కింద కాసేపు ఆగి, సందు మలుపు వైపు కదిలాయి.

మేస్త్రి ప్రార్థన అందుకున్నాడు. ఆ మాట దగ్గర ఈసారి ఆగలేదు. ఆమేన్ అన్నాక మోచేతులు ఆనించి, కిటికీ వైపు తల ఎత్తాడు. పై అంచున రంగు పలచబడిందిరా అని పాత మేస్త్రిలా గదమాయిద్దామనుకున్నాడు. గొంతు దాటి వచ్చింది మాత్రం ఒక్కటే:

"యోనా!"