అత్త బతకాల్సిన ఏడాది

ఇమ్మానుయేల్ తన మేనత్త సంతోషమ్మ చీరలు మడిచి సంచిలో పెడుతున్నాడు. తిన్న కంచం కూడా తీయని మనిషి ఇంత ఒద్దికగా మడతలు వేస్తుంటే ఆమె మంచం మీద కూర్చుని వింతగా చూసింది.

"ఊర్జానగర్ల మా కరెంటు ప్లాంటు క్వార్టర్ల కూలర్ ఉంది అత్తమ్మా. ఈ మాజ్రి ఎండకు నువ్వు ఆగవు."

"నిరుడు ఎండలు కొట్టలేదా బిడ్డా? అప్పుడు యాదికి రాలే?"

గడపలో బియ్యం ఏరుతున్న పక్కింటి రెబెక్కా కిసుక్కుమంది.

పల్లెల నుంచి కాన్పుకొచ్చే ఆడవాళ్ళు ఆసుపత్రి వరండాలో పడుకోవడం చూడలేక, వాళ్ళు దిగడానికి తన రెండు గదుల ఇల్లు ఇవ్వాలని సంతోషమ్మ చర్చి పేర వీలునామా రాసింది. చంద్రపూర్ వకీలు చట్టం చెప్పాడు. క్రైస్తవులకు తోబుట్టువుల పిల్లలుంటే ధర్మానికి రాసిన వీలునామాను ఆరు నెలల్లో రిజిస్ట్రారు ఆఫీసులో దాఖలు చేయాలి. పైగా రాసిన మనిషి ఏడాది బతకాలి. ఈలోపు పోతే ఇల్లు మేనల్లుడిదే.

ఆనాటి నుంచి ఆమె ప్రాణానికి ఎక్కడలేని విలువొచ్చింది. పాస్టరు పేతురు గుడ్లు తెచ్చి ఆయుష్షు కోసం ప్రార్థించేవాడు. ఇమ్మానుయేల్ షుగరు జబ్బున్న అత్తకు జిలేబీలు మోసుకొచ్చేవాడు. ఇద్దరి ప్రేమనూ రెబెక్కా పిల్లలే తిన్నారు.

"ఎన్నాళ్ళుంచుకుంటవు నన్ను?"

"దసరా దాకనన్న ఉండు."

సంతోషమ్మకు నవ్వొచ్చింది. "నిరుడు దసరాకు వీలునామా ఆఫీసుల ఇచ్చిన దినం నుంచి లెక్క పెట్టినవా? ఏడాది రాసిన దినం నుంచి. వకీలు గది చెప్పేటప్పుడు నువ్వు బయట చాయ్ తాగుతున్నవ్. నిరుడు ఈస్టరుకు రాసిన, పోయిన నెలల్నే నిండింది. పాస్టరయ్య గుడ్లు బంద్ చేసినప్పుడన్న నీకు తెల్వద్దా?"

మడుస్తున్న చీర ఇమ్మానుయేల్ చేతిలోనే ఆగిపోయింది.

సంతోషమ్మ చెప్పులు వేసుకుంది. తల్లి పోయిన ఈ పిల్లవాణ్ణి పెంచింది ఈ గదిలోనే. ఎవరు ప్రయాణం కట్టినా ఆమెది గడప దాకానే. ఒక్కసారైనా గడపలో నిలబడి సాగనంపకుండా తాను కూడా వెంట వెళ్ళాలని కోరిక.

"నడువు మరి. ఇల్లు ఎట్లాగూ పోయింది. అత్తనన్న తీస్కపో."

అతను గోడ వైపు చూశాడు. "ఇయ్యాల నైట్ షిఫ్ట్ పడ్డది అత్తమ్మా. వచ్చే ఆదివారం వస్త."

"షిఫ్టు ఇప్పుడే పడ్డదా?" అంది సంతోషమ్మ.

"ఈపాలి జిలేబీ తేకు ఇమ్మానుయేలన్నా, ఖాళీ చేతుల్తోనే రా," అంది రెబెక్కా.

అతను నవ్వబోయి, నవ్వలేక, రైలు స్టేషను వైపు వెళ్ళాడు. మలుపు తిరిగేదాకా సంతోషమ్మ చెప్పులతోనే గడపలో నిలబడింది.

అది 1996 మే నెల. ఇమ్మానుయేల్ మళ్ళీ రాలేదు. మరుసటేడు వానల్లో అత్తను సమాధి చేసిన రోజు కూడా రాలేదు.